చందమామ ఎందుకు పడిపోదు?

చంకలో బిందె జారింది. నేల మీద పడి సొట్టపోయింది. పైకి ఎందుకు పోలేదు? చెట్టు మీది చింతకాయ కూడా కిందికే రాలుతుంది. బావిలో వేసిన చేద కూడా కిందికే దిగుతుంది.

భూమి ప్రతి వస్తువునూ తన వైపు లాగుతుంది. ఈ లాగుడుకు పుస్తకాల్లో గురుత్వాకర్షణ అని పేరు. పేరు పెద్దదే. ఆకర్షణ అంటే లాగడమే.

మరి చందమామ? అది 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉంది. అయినా భూమి దాన్ని లాగుతూనే ఉంటుంది. అయితే నెత్తిన ఎందుకు పడదు?

జొన్న చేలో పిట్టల్ని తోలడానికి వడిసెల తిప్పుతారు. తిప్పినంతసేపూ రాయి గుండ్రంగా తిరుగుతుంది. తాడు వదిలితే తిన్నగా ఎగిరిపోతుంది. చందమామ కూడా తిన్నగా పోవాలనే చూస్తుంది. భూమి పోనివ్వదు. అందుకే చుట్టూ తిరుగుతుంది. ఇక్కడ తాడు కనపడదు, అంతే తేడా. బిందెను పడేసిందీ, చందమామను తిప్పేదీ ఒకటే లాగుడని ఇంగ్లండు దేశపు న్యూటన్ 1687లో లెక్కలు కట్టి పుస్తకం అచ్చు వేశాడు. సూర్యుడి చుట్టూ భూమి తిరిగేదీ ఇలాగే. ఆకాశంలో చుక్కలకూ ఇదే లాగుడు.

అలా తిరుగుతూ ఒక్కో అమావాస్యనాడు చందమామ సరిగ్గా సూర్యుడికీ భూమికీ నడుమకు వస్తుంది. దాని నీడ భూమి మీద పడుతుంది. అదే సూర్యగ్రహణం. పాము మింగేదే అయితే ఎప్పుడు మింగుతుందో ఎవరికి తెలుసు? నడక లెక్క తెలుసు కాబట్టే పంచాంగంలో గంటలు, నిమిషాలతో ముందే రాస్తారు.

1980 ఫిబ్రవరి 16న తెలుగు నేల మీద సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. పట్టపగలే చీకటి పడింది. భయంతో జనం తలుపులు వేసుకున్నారు. కడుపుతో ఉన్నవాళ్లకైతే ఇప్పటికీ చాలా ఇళ్లలో ఇదే మాట:

"కత్తిపీట ముట్టకే. మెతుకు కూడా తినకు. బిడ్డకు మొర్రి వస్తుంది."

"చెట్టు నీడ పడితే మొర్రి వస్తుందా అత్తా? ఇదీ నీడే కదా!"

కోడలు అన్నది నిజం. కడుపులో బిడ్డకు తొలి వారాల్లోనే పెదవి రెండు వైపులా కలవాలి. కలవకపోతే మొర్రి. గ్రహణానికీ దానికీ సంబంధం లేదు. ఆపరేషన్ చేసి డాక్టర్లు పెదవి కలుపుతారు. కానీ పేరు మాత్రం గ్రహణం మొర్రి! ఆ పేరుతో ఎందరు తల్లులు మాటలు పడ్డారో. గర్భిణి ఆకలితో పడుకోవడమే చెడ్డ.

ఒక్కటి మాత్రం నిజం. గ్రహణం నాడు సూర్యుడి వైపు నేరుగా చూడకూడదు. కళ్లు పోతాయి. జల్లెడను ఎండలో పట్టుకొని, సూర్యుడికి వీపు పెట్టి, నేల మీది నీడను చూడాలి. ప్రతి కంత కిందా ఒక చిన్న సూర్యుడు, కొడవలిలా.