తూము లేని చెరువు

చెరువుకు కట్టే ప్రాణమని మనమనుకుంటాం. ఊళ్ళో నీరటిని అడిగి చూడండి, ముందు తూమునీ, అలుగునీ చూపిస్తాడు. నీటిమట్టం దించడానికి తూము, మిగులు నీరు పొర్లిపోవడానికి అలుగు. ఈ రెండిటినీ పాడుచేస్తే ఏమవుతుందో 1889 మే 31న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జాన్స్‌టౌన్ పట్టణం చూసింది.

పట్టణానికి 14 మైళ్ళ ఎగువన సౌత్‌ఫోర్క్ డ్యాం. 72 అడుగుల ఎత్తున్న మట్టికట్ట. పడవల కాలువకు నీళ్ళిచ్చేందుకు ప్రభుత్వం కట్టించింది. రైళ్ళు రాగానే కాలువతో పని లేకపోయింది, డ్యామును అమ్మేశారు. చేతులు మారే క్రమంలో ఒక యజమాని అడుగునున్న ఇనుప తూము గొట్టాలను ఊడబెరికి పాత ఇనుము కింద అమ్ముకున్నాడు. (తెలివైన బేరమే!) 1879లో పిట్స్‌బర్గ్ ధనికుల వేట, విహార క్లబ్బు చేతికి వచ్చింది. కార్నెగీ, ఫ్రిక్ వంటి కోటీశ్వరులు అందులో సభ్యులు. పాత గండిని మట్టి, కంప, గడ్డి వేసి పూడ్చారు. గొట్టాలు మళ్ళీ పెట్టలేదు. బండ్లు తిరగడానికని కట్ట ఎత్తు తగ్గించారు. చేపలు పోకుండా అలుగుకు జల్లెడలు బిగించారు.

ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పారు. దిగువనున్న కేంబ్రియా ఇనుప కంపెనీ అధిపతి మోరెల్ 1880లో జాన్ ఫుల్టన్ అనే ఇంజనీరును పంపాడు. నీరు దించే దారి లేదు, మరమ్మతు సరిగా లేదు అని ఆయన రాసిచ్చాడు. ఖర్చులో కొంత భరిస్తామని కూడా మోరెల్ అన్నాడు. మీకేం భయం లేదని క్లబ్బు జవాబు. 1885లో మోరెల్ చనిపోయాడు. ఆ ఊసూ ఆగింది.

ఆ రోజు కుండపోత వాన. కూలీలు కట్ట ఎత్తు పెంచబోయారు, పక్కన ఇంకో కాలువ తవ్వబోయారు. జల్లెడలకు చెత్త పట్టేసింది. తంతి కబుర్లు వెళ్ళాయి గాని, "డ్యాం తెగుతోంది" అన్న మాట ఏటా వినీవినీ జనానికి అది నాన్నా పులి కథే అయిపోయింది. మధ్యాహ్నం మూడు దాటాక కట్ట తెగింది. సుమారు గంటలో నీరు ఊరిమీద పడింది. కొట్టుకొచ్చిన ఇళ్ళూ, దుంగలూ రాతి వంతెన దగ్గర గుట్టపడి అంటుకున్నాయి. నీళ్ళను తప్పించుకున్నవాళ్ళు కొందరు అక్కడ మంటల్లో పోయారు.

మృతులు 2,209 మంది. వారిలో 777 మంది ఎవరో తెలియనే లేదు. క్లబ్బు మీద వేసిన దావాలేవీ నెగ్గలేదు. అది దైవఘటన అన్నారు. కార్నెగీ మాత్రం ఊరికి కొత్త గ్రంథాలయం కట్టించి ఇచ్చాడు.