అంకెకు రెండు స్వరాలు

విడవలూరు పక్కన ఒక రైతు ఉన్నాడనుకుందాం. రాత్రి పదకొండు గంటలకు కరెంటు వచ్చింది. చేను ఊరికి దూరం. గట్ల మీద పురుగూ పుట్రా భయం. ఆయన మంచం దిగకుండానే సెల్‌ఫోను తీసి, మోటారు దగ్గర బిగించిన పెట్టెకు ఫోను చేసి, ఒక అంకె నొక్కాడు. చేలో మోటారు తిరిగింది. మరో అంకె నొక్కితే ఆగిపోతుంది.

ఇలాంటి పెట్టెలను మన రైతులు మొబైల్ స్టార్టర్లు అంటారు. వాటిలో కొన్ని ఫోనులో వినిపించే స్వరాన్ని బట్టి పనిచేస్తాయి. ఆ పెట్టె ఒక అంకెను మరో అంకెగా పొరబడితే? ఆగవలసిన మోటారు తిరుగుతుంది. ఆ సమయంలో దాని మీద ఎవరిదైనా చెయ్యి ఉంటే ప్రాణం మీదికే వస్తుంది. కాబట్టి “అంకె స్వరంగా ఎలా మారుతుంది? పొరబాటు రాకుండా ఎలా కాపాడతారు?” అన్నది తెలుసుకోదగిన విషయమే. దీన్ని ఒక పాత చేతి కంప్యూటరు సాయంతో నేర్చుకుందాం.

తిప్పే డయలు

మీ తాతగారి కాలపు ఫోనులో మీటలు ఉండేవి కావు. రంధ్రాలున్న గుండ్రటి డయలు ఉండేది. వేలు పెట్టి తిప్పి వదిలితే అది వెనక్కి తిరుగుతూ తీగలోని విద్యుత్తును తెంపుతూ కలుపుతూ ఉండేది. 6 తిప్పితే ఆరుసార్లు, 8 తిప్పితే ఎనిమిదిసార్లు. మరి సున్నాకు? అసలు తెంపకపోతే ఎక్స్ఛేంజికి ఏమీ తెలియదు కదా! అందుకని సున్నాకు పదిసార్లు.

సెకనుకు పది తెంపులు. నెల్లూరు కోడు 0861 తిప్పాలంటే 10 + 8 + 6 + 1 = 25 తెంపులు, అంటే రెండున్నర సెకన్లు. అంకెకూ అంకెకూ నడుమ విరామం వేరు.

1963 నవంబరు 18న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో బెల్ సంస్థ మీటల ఫోనును ప్రజలకు అందించింది. మీట నొక్కితే తీగ తెగదు. దాని వెంట స్వరం వెళుతుంది. అంకెకు పదోవంతు సెకను స్వరం, పదోవంతు సెకను విరామం అనుకున్నా, 0861 ఒక సెకను లోపే పూర్తవుతుంది.

రెండెందుకు?

ఒక్కో అంకెకు ఒక్కో స్వరం చాలదా? చాలదు. ఫోనులో మనం మాట్లాడతాం, నవ్వుతాం, ఈల వేస్తాం. మన గొంతు ఏదో ఒక క్షణంలో ఆ స్వరాన్ని తాకవచ్చు. అప్పుడు మాటను అంకెగా పొరబడే ప్రమాదం ఉంది. కానీ నిర్ణయించిన రెండు స్వరాలు, ఒకటి మంద్రంగా, ఒకటి హెచ్చుగా, ఒకేసారి, వేరే స్వరాలు కలవకుండా మన గొంతులో పలకడం చాలా అరుదు. అందుకే ప్రతి అంకెకూ జంట స్వరాలు. అడ్డవరుసకు ఒక స్వరం, నిలువువరుసకు ఒక స్వరం. సెకనుకు ఎన్ని కంపనాలో హెర్ట్జ్‌లలో చూడండి:

నిలువువరుసలు: 1209, 1336, 1477
697 వరుస: 1, 2, 3
770 వరుస: 4, 5, 6
852 వరుస: 7, 8, 9
941 వరుస: నక్షత్రం, 0, హ్యాష్

1633 హెర్ట్జ్‌ల నాలుగో నిలువువరుస కూడా ఉంది కాని ఇళ్ళలోని ఫోన్లకు దాని అవసరం లేదు.

ఈ సంఖ్యలు యథాలాపంగా పెట్టినవి కావు. అన్నీ టెలిఫోను తీగ మోయగలిగిన 300 – 3400 హెర్ట్జ్‌ల నడుమ ఉన్నాయి. ఒక్కో గుంపులో పక్కపక్క స్వరాల నిష్పత్తి 21/19. ఏ స్వరమూ మరొక దానికి రెట్టింపు గాని మూడు రెట్లు గాని కాదు. కాబట్టి ఒకదాని ప్రతిస్వరాన్ని మరొకటిగా పొరబడే వీలు లేదు.

1 అన్నా 3 అన్నా మంద్రస్వరం 697 హెర్ట్జ్‌లే. తేడా అంతా పైస్వరంలో ఉంది. 1209 బదులు 1477 పలికితే 0861 కాస్తా 0863 అవుతుంది. నెల్లూరుకు చేసిన ఫోను గుంటూరుకు పోతుంది!

ఒకే నోరున్న కంప్యూటరు

1983లో అమెరికాలోని టాండీ సంస్థ ‘టీఆర్ఎస్-80 మోడల్ 100’ అనే చేతి కంప్యూటరును అమ్మకానికి పెట్టింది. తయారుచేసింది జపానులోని క్యోసెరా సంస్థ. మన నోటుపుస్తకమంత పరిమాణం, తెరమీద 8 వరుసలు, వరుసకు 40 అక్షరాలు. టార్చిలైటులో వేసే రకం చిన్న బ్యాటరీలు నాలుగు వేస్తే నడిచేది. ఫోను తీగకు తగిలిస్తే తనంతట తానే నంబరు తిప్పేది. అయితే పాత డయలు పద్ధతిలో, తీగను తెంపుతూ కలుపుతూ మాత్రమే! మరి దీనిచేత స్వరాలు పలికించి, బజరును ఫోను మాట్లాడే గొట్టానికి ఆనించి నంబరు కలపగలమా?

అందులోని బేసిక్ భాషలో ‘సౌండ్’ అనే ఆజ్ఞ ఉంది. దానికి ఒక సంఖ్య ఇవ్వాలి. కంప్యూటరు గడియారం సెకనుకు 24,57,600 సార్లు కొట్టుకుంటుంది. దాన్ని మనకు కావలసిన కంపనాల సంఖ్యతో భాగిస్తే ఆ సంఖ్య వస్తుంది.

697కు: 24,57,600 ÷ 697 = 3526 (సుమారు)
1209కి: 24,57,600 ÷ 1209 = 2033 (సుమారు)

2033 ఇస్తే పలికేది 1208.85 హెర్ట్జ్‌లు. తేడా నూటికి 0.01 వంతు. ఎక్స్ఛేంజి నూటికి 1.5 వంతుల తేడాను ఒప్పుకోవాలి, 3.5 వంతులు దాటితే తిరస్కరించాలి అన్నది ప్రమాణం. కాబట్టి శ్రుతి సమస్యే లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. బజరు ఒక్కటే. ముందు 697, తరువాత 1209 పలికిస్తే ఎక్స్ఛేంజి పట్టించుకోదు. ఒకే రోలులో ఇద్దరు పోట్లు వేయడం చూశారా? ఒకరి రోకలి దిగేటప్పుడు మరొకరిది లేస్తుంది. మనకు కావలసింది అలాంటి వంతుల పని కాదు. రెండూ కలిసి పలకాలి.

ఒక ఉపాయం చాలా సులభం. రెండు కంప్యూటర్లు తెచ్చి, ఒకటి 697, రెండోది 1209 ఒకేసారి పలికితే సరి! కానీ మనకున్నది ఒక్కటే.

చెరువులో రెండు రాళ్ళు

రొయ్యల గుంటలో దూరదూరంగా రెండు రాళ్ళు వేయండి. రెండు తరంగాలూ కలిసిన చోట నీటి ఎత్తు ఎంత? రెండు ఎత్తుల మొత్తం. ధ్వని కూడా అంతే. కాబట్టి కంప్యూటరు రెండు తరంగాల ఎత్తులను క్షణక్షణం కూడాలి. బజరుకు మాత్రం ‘లోపలికి’, ‘బయటికి’ అనే రెండు స్థితులే తెలుసు. మొత్తం ధనమైతే బయటికి, రుణమైతే లోపలికి. అంతే!

బేసిక్ ఇంత వేగంగా చేయలేదు. యంత్రభాషలో రాయాలి. సెకనుకు 8000 సార్లు కూడాలంటే ఒక్కో కూడికకు 307 గడియారపు కొట్లు దొరుకుతాయి. ఒక్కో యంత్రాజ్ఞకు 4 నుండి 18 కొట్లు పడుతుంది. అంటే ఇరవై, ముప్పై ఆజ్ఞలకు చోటు ఉన్నట్లే.

ఒక తరంగాన్ని 256 మెట్ల పట్టికగా రాసుకుంటే, 1209 హెర్ట్జ్‌ల కోసం ప్రతిసారీ 1209 × 256 ÷ 8000 = 38.69 మెట్లు దూకాలి. బద్ధకించి భిన్నం వదిలేసి 38 దూకారనుకోండి. అప్పుడు పలికేది 1187.5 హెర్ట్జ్‌లు. తేడా నూటికి 1.78 వంతులు! ఎక్స్ఛేంజి ఒప్పుకొని తీరవలసిన హద్దు దాటిపోయింది. చిన్న భిన్నమే కదా అనుకుంటే నంబరు కలవకపోవచ్చు.

ఈ మోటు పద్ధతిలో అక్కరలేని స్వరాలు కూడా పుడతాయి. 1 అంకెకు 185, 1721 హెర్ట్జ్‌ల దగ్గర కొన్ని వస్తాయి. అదృష్టవశాత్తు ఎనిమిది స్వరాలలో ఏదీ వాటికి దగ్గరగా లేదు. జల్లెడ వాటిని వదిలేసి మనవాటినే పట్టుకోవచ్చు.

జల్లెడ పట్టే చిప్పు

స్వరాలను తిరిగి అంకెగా మార్చే చిప్పులలో పేరున్నది ఎంటీ8870. అది మంద్రగుంపును, హెచ్చుగుంపును వేరుచేసి, ఒక్కో గుంపులో ఒకే స్వరం నిలకడగా ఉందా అని చూస్తుంది. అప్పుడే అంకెను నాలుగు తీగల మీద ద్విసంఖ్యగా చెబుతుంది. 1కి 0001, 6కు 0110, 8కి 1000. సున్నాకు మాత్రం 0000 కాదు, 1010. అంటే పది! మీ తాతగారి డయలులో సున్నాకు పది తెంపులని చెప్పుకున్నాం కదా. డయలు పోయినా ఆ అలవాటు చిప్పులో మిగిలిపోయింది.

ఈనాడు సెల్‌ఫోనులో మీరు నంబరు కలిపేటప్పుడు స్వరాలు పోవు. నంబరు సమాచారంగా వెళుతుంది. కాని “తెలుగు కోసం ఒకటి నొక్కండి” అన్నప్పుడు అవతలి యంత్రం ఎదురుచూసేది ఈ జంట స్వరాల కోసమే. చేలోని మోటారు పెట్టె కూడా అంతే.

చేసి చూడండి

ఫోనులో మీటల శబ్దం వినిపించేటట్లు పెట్టుకోండి. 1, 2, 3 వరుసగా నొక్కండి. కింది స్వరం మారదు, పై స్వరం ఎక్కుతుంది. తరువాత 1, 4, 7 నొక్కండి. ఈసారి పై స్వరం నిలిచి, కింది స్వరం ఎక్కుతుంది. కళ్ళు మూసుకుని, మీ స్నేహితుడు నొక్కింది ఏ వరుసో చెప్పడానికి ప్రయత్నించండి. కాని ఆటకోసం 108, 112 లాంటి నంబర్లు ఎప్పుడూ కలపకండి. ఆ క్షణంలో నిజంగా ఆపదలో ఉన్నవారు ఎవరో అవే నంబర్లకు ఫోను చేస్తూ ఉండవచ్చు.

ప్రశ్నలు

1. 770, 1336 హెర్ట్జ్‌లు కలిసి వినిపించాయి. ఏ అంకె?
2. మోడల్ 100లో 941 హెర్ట్జ్‌లు పలికించడానికి ఏ సంఖ్య ఇవ్వాలి?
3. 0866 విజయవాడ కోడు. పాత డయలులో ఎన్ని తెంపులు?

జవాబులు: 1. ఐదు. 2. 2612. 3. 30.