మణుగు అంటే ఎంత?

మణుగు అంటే ఎంత అని అడిగితే ఏం చెప్తారు? పాత మద్రాసు లెక్కలో మణుగంటే ఎనిమిది వీశెలు, అనగా సుమారు 11 కిలోలు. ఉత్తరాదిన 40 సేర్ల మణుగు 37 కిలోల పైమాటే. పేరు ఒక్కటే, బరువు మూడు రెట్లు తేడా! స్వాతంత్ర్యం వచ్చాక 1100 గ్రామాల్లో సర్వే చేస్తే 143 రకాల తూనిక పద్ధతులు బయటపడ్డాయి. దేశంలో మణుగులే వంద రకాలు ఉండేవి. చిన్నది 280 తులాలు, పెద్దది 8320 తులాలు. కొనేటప్పుడు ఒక మణుగు, అమ్మేటప్పుడు ఇంకో మణుగు అయితే లాభం ఎవరిదో చెప్పక్కర్లేదు.

ఈ గందరగోళం పోవాలని 1955లో లోక్‌సభ చర్చించి, దేశమంతా మెట్రిక్ పద్ధతి రావాలని తీర్మానం చేసింది. 1956 డిసెంబరులో చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 16 అణాలు పోయి 100 నయాపైసలు అయ్యాయి. కిలోలు మాత్రం 1958 అక్టోబరు నుంచి కొంచెం కొంచెంగా వచ్చి 1962 ఏప్రిల్‌కి పూర్తయ్యాయి. ఒక్కరోజులో మారిస్తే లెక్క రానివాళ్ళే ముందు మోసపోతారు కదా. సేరు అంటే 933 గ్రాములు. సేరు ధర తెలిసినవాళ్ళకి కిలో ధర చెప్తే, అది న్యాయమో కాదో తెలియడానికి భాగహారం రావాలి.

సాంఘికంలో మూడు జాబితాలు చదువుకున్నాం. కిలో అంటే ఎంతో నిర్ణయించడం కేంద్ర జాబితాలోది. కాటాలు తనిఖీ చేయడం మొదట రాష్ట్ర జాబితాలో ఉండేది. 1976లో చేసిన 42వ సవరణతో అది ఉమ్మడి జాబితాకి వచ్చింది. ఆ ఏడాదే 1956 చట్టం బదులు కొత్తది చేశారు, 1985లో అమలు కోసం ఇంకొకటి చేశారు. ఆ రెండూ పోయి 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం 2011 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. మెట్రాలజీ అంటే కొలతల శాస్త్రం. వాన, గాలి గురించి చెప్పేది మెటియొరాలజీ, అది వేరే.

ఈ చట్టంలో 12వ సెక్షను మనం తప్పకుండా తెలుసుకోవాలి. ఒప్పుకున్న బరువు కంటే ఎక్కువ గాని తక్కువ గాని తీసుకునే ఏ ఆచారమైనా, వాడుకైనా చెల్లదు అని అందులో ఉంది. మా సంతలో చింతపండు తూచేటప్పుడు పది కిలోలకి ఒక కిలో "తరుగు" తీసేస్తారు. అడిగితే "ఇది ఎప్పట్నుంచో ఉన్నదే కదమ్మా" అంటారు. 40 కిలోలకి 4 కిలోలు పోతాయి. ఆ నాలుగు కిలోలు కొట్టి గింజ తీయడానికి మా అమ్మ ఎంతసేపు కూర్చుందో నాకు తెలుసు. తడి ఉందంటారు. తడి ఉంటే ధర తగ్గించి అడగాలి గాని, బరువు మార్చకూడదు. బరువు బరువే.

2025 ఆగస్టులో లోక్‌సభలో పెట్టిన జన విశ్వాస్ బిల్లులో ఈ చట్టం కూడా ఉంది. ప్రమాణం లేని తూనికలు వాడితే మొదటిసారి జరిమానా బదులు, సరిచేసుకోమని నోటీసు ఇవ్వాలన్నారు. చిన్న కొట్టువాళ్ళకి భయం ఉండకూడదని చెప్పొచ్చు, అదీ నిజమే. కానీ దొరికింది మొదటిసారి అయినంత మాత్రాన చేసింది మొదటిసారి అవుతుందా? కొండమీద సంతకి తనిఖీ చేసేవాళ్ళు రోజూ రారు.

కాబట్టి మనమే చూసుకోవాలి. తూకం రాళ్ళకి రెండేళ్ళకోసారి, ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖవారి ముద్ర పడాలి. రాయి అడుగున సీసం మీద ముద్ర ఉందో లేదో తిప్పి చూడండి. కాటా అయితే సర్టిఫికెట్ అడగండి. అంకెలు మనకి కనిపించేలా తిప్పమనండి. సున్నా చూపించే వరకు గోనె పైన పెట్టకండి.

— 9వ తరగతి విద్యార్థిని