సూక్ష్మజీవుల జన్యు పుస్తకాలు



మన యాగంటి కోనేరైనా, ఊరి చెరువైనా, ఆ నీటిలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉంటాయి. మైక్రోస్కోపులో చూస్తే చాలావరకు చుక్కలు, కడ్డీల లాగే కనిపిస్తాయి. మరి వాటిలో ఏది దేనికి చుట్టమో ఎలా తెలుస్తుంది? వాటి డి.ఎన్.ఏ. చదివితే తెలుస్తుంది. మేము ఈ విషయమై తెలుసుకున్న సంగతులు మీతో పంచుకుంటున్నాము.

డి.ఎన్.ఏ. 4 అక్షరాలతో రాసిన పుస్తకం వంటిది. ఒక జీవి యొక్క పూర్తి పుస్తకమే జీనోమ్. 1995లో హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే బాక్టీరియా జీనోమ్‌ను మొత్తం చదివారు. అందులో సుమారు 18 లక్షల అక్షరాలున్నాయి. 1996లో ఈస్ట్ జీనోమ్‌నూ, సముద్రపు అడుగున వేడినీరు చిమ్మే చోట దొరికిన ఒక ఆర్కియా జీనోమ్‌నూ చదివారు. పోల్చి చూస్తే, ఆర్కియా పైకి బాక్టీరియా లాగే ఉన్నా, డి.ఎన్.ఏ.ను నకలు తీసుకునే పద్ధతిలో ఈస్ట్‌కు, అంటే మనవంటి కేంద్రకం గల జీవులకు దగ్గరని తేలింది. జీవవృక్షానికి మూడు పెద్ద కొమ్మలున్నాయని 1977లో కార్ల్ వోస్ చెప్పిన మాటకు ఇది బలమిచ్చింది.

ఇప్పుడు మనకు దగ్గరి ఉదాహరణ చూద్దాం. క్షయ, కుష్టు వ్యాధుల బాక్టీరియాలు ఒకే కుటుంబానివి. క్షయ బాక్టీరియా జీనోమ్‌ను 1998లో చదివారు. దానిలో 44 లక్షల అక్షరాలు, సుమారు 4,000 జన్యువులు ఉన్నాయి. తమిళనాడు రోగి నుండి సేకరించిన కుష్టు బాక్టీరియా జీనోమ్‌ను 2001లో చదివారు. అక్షరాలు 33 లక్షలే. పనిచేసే జన్యువులు సుమారు 1,600 మాత్రమే. మరో 1,100కు పైగా జన్యువులు చెడిపోయి, గుర్తులుగా మిగిలాయి. యాగంటి బసవన్న ఏటేటా పెరుగుతున్నాడని పెద్దలు చెబుతారు. ఈ బాక్టీరియా జీనోమ్ మాత్రం తరుగుతూ వచ్చింది!

అందుకే క్షయ బాక్టీరియా ప్రయోగశాల గాజుపాత్రలో పెరుగుతుంది గాని, కుష్టు బాక్టీరియా పెరగదు. సొంతంగా బ్రతికే సాధనాలను పోగొట్టుకుని, మరో జీవి కణాలపైనే ఆధారపడుతుంది.

కనుక మిత్రులారా, కుష్టు శాపమూ కాదు, పాపఫలమూ కాదు. అది ఒక బాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. ఒంటిమీద స్పర్శలేని మచ్చ కనిపిస్తే దాచుకోకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. మందులు ఉచితం. 6 నుండి 12 నెలలు క్రమం తప్పక వాడితే నయమవుతుంది. ఈ మాట మన ఊళ్ళలో, మన ఇళ్ళలో చెబుదాం. ఆ జబ్బు వచ్చినవారిని వెలివేయకుండా చూద్దాం. చదివిన చదువుకు అదే సార్థకత.