చిత్రలేఖనమున ఒరవడి

పిల్లవాని చేతికి బలపమిచ్చి ఒరవడి దిద్దించుట మన పెద్దలు పెట్టిన పద్ధతి. గురువు వ్రాసిన అక్షరముపై బాలుడు దిద్దును. దిద్దగా దిద్దగా చేయి తిరుగును. పిదప దస్తూరి తనదే యగును. ఈ అభ్యాసమును తప్పుపట్టిన తలిదండ్రులు లేరు. కాని ఆ బాలుడే పెద్దవాడై, ఒక మహాచిత్రకారుని పటము ముందుంచుకొని తైలవర్ణములతో దానివలె వ్రాయబూనినచో, “ఇది కాపీ గదా, సొంతముగా వేయరాదా?” అని అడుగువారు పెక్కురు. వారికి సమాధానము చెప్పుట మా విధియని తలచుచున్నాము.

ఐరోపా చిత్రకారులు శతాబ్దములుగా ఈ మార్గముననే విద్య నభ్యసించిరి. రఫేలు వ్రాసిన కాస్టిగ్లియోనె రూపచిత్రమును చూచి రూబెన్సు సుమారు 1620లో తిరిగి వ్రాసెను. 1628–29లో మాడ్రిడ్ నగరమున నున్నపుడు టిషియను చిత్రములకు నకళ్లు తీసెను. అప్పటి కాయన వయస్సు ఏబదియేండ్లు దాటినది. కీర్తి ఐరోపా అంతటను వ్యాపించినది. అట్టివాడును తాను నేర్వవలసినది మిగిలియున్నదని తలచెను. మన దేశమున రాజా రవివర్మ, 1868లో తిరువాన్కూరు ఆస్థానమునకు వచ్చిన జెన్సన్ అను చిత్రకారుడు పనిచేయుచుండగా చూచి, తైలవర్ణముల మర్మములు గ్రహించెనందురు.

అభ్యాసక్రమ మిట్టిది. మొదట మూలచిత్రముపై సమానమైన గళ్లను ఊహించి, ఆ లెక్కనే కాన్వాసుపై గళ్లు గీసి, ముఖమును బొగ్గుతో గుర్తింపవలెను. తరువాత పలుచని గోధుమరంగుతో వెలుగునీడలను మాత్రమే నిలుపవలెను. ముఖమునకు పోలిక తెచ్చునది రంగుకంటె ముందుగా నీడయే. పిమ్మట తెలుపు, పసుపు, ఎరుపు, నలుపు అను నాలుగు రంగులతోనే చర్మవర్ణము కలుపుట నేర్వవలెను. పై పొరయందు క్రింది పొరకంటె నూనె ఎక్కువగా నుండవలెను. లేనిచో పై పొర ముందుగా బిగిసి, క్రిందిది తరువాత కదలి, చిత్రము బీటలువారును. అవిసెనూనె గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును గాని నీటివలె ఆవిరి కాదు. కావున ఓపిక యిందు సగము విద్య.

తలిదండ్రులు గమనింపవలసినవి కొన్ని గలవు. సీసము గలిసిన తెల్లరంగు విషము. దానికి బదులు టైటానియం తెలుపు కొనుడు. టర్పెంటైను వాడునపుడు కిటికీలు తెరచియుంచుడు. నూనెగుడ్డలను కుప్పగా వేయకుడు. అవి తమంతట తామే అంటుకొనవచ్చును.

ఇక నీతి. పారిస్‌లోని లూవ్రు ప్రదర్శనశాలలో అనుమతి పొందినవారు నకళ్లు తీయవచ్చును. కాని నకలు మూలమంత పరిమాణమున నుండరాదు. మూలకర్త సంతకమును దానిపై వేయరాదు. మన పిల్లలకును ఈ కట్టుబాటు అవసరము. చిత్రము క్రింద “ఫలానావారి చిత్రమునకు ప్రతి” యని వ్రాయించుడు. అట్లు వ్రాసినచో అది విద్య, దాచినచో దొంగతనము. చుట్టములకు చూపునపుడు “మావాడి సొంత చిత్రము” అని మీరే చెప్పినచో, ఆ దాచుట వానికి నేర్పినవారు మీరే యగుదురు.

ఒరవడి దిద్దినవాడు ఎల్లకాలము పలకపైననే దిద్దుచుండడు. మూడు నాలుగు ప్రతులు ముగిసిన పిమ్మట ఇంట అవ్వగారిని వెలుతురున కూర్చుండబెట్టి వ్రాయుమనుడు. ఆ ముడుతలు, ఆ కన్నులలోని వెలుగు ఏ మహాచిత్రకారుని పటమునందును దొరకవు. వానిని చూడగలిగిననాడు ఆ కుంచె మీ బిడ్డ సొంతమైనట్లే.