ఊరి కంటే ముందు నుయ్యి

మాల్దీవులు, తువాలు వంటి ద్వీప దేశాలకు సముద్రం వల్ల ముప్పు ఉందని మనం చదువుకున్నాం. ఎక్కడో ఉన్న దీవులతో మనకేం పని అనుకున్నాం. కానీ మనలో చాలామందిమి అలల హోరు వింటూ పెరిగినవాళ్లమే. మన శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది.

సముద్రం ఎందుకు పెరుగుతోంది?

బొగ్గు, పెట్రోలు మండించడం వల్ల భూమి వేడెక్కుతోంది. వేడికి సముద్రపు నీరు వ్యాకోచిస్తుంది. మంచు కరిగి సముద్రంలో చేరుతుంది. ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం 1901 నుండి 2018 లోపు సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. జానెడైనా లేదు కదా అనిపిస్తుంది. ఆ జానెడు ఏం చేస్తుందో నూతిలో చూడాలి.

ఇసుకలో తీపి నీరు

తీరంలో ఇసుక తవ్వితే తీయని నీరు పడుతుంది. వాన నీరు ఇసుకలో ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటిపై తేలుతుంది. మంచినీటి సాంద్రత 1.000, సముద్రపు నీటిది 1.025. అందువల్ల సముద్రమట్టానికి పైన 1 అడుగు మంచినీరు ఉంటే, కింద సుమారు 40 అడుగులు ఉంటుంది. దీనినే గైబెన్-హెర్జ్‌బెర్గ్ సూత్రం అంటారు. మోటార్లతో అతిగా తోడితే ఈ లెక్క తిరగబడి, అడుగు నుండి ఉప్పునీరు పైకి వస్తుంది. సముద్రం పెరిగి తీరం కోసుకుపోయినా, ఉప్పెన నేల మీదికి వచ్చినా మంచినీరు చెడుతుంది. అంటే ఊరు మునగక ముందే నుయ్యి పోతుంది.

దీవుల అనుభవం

మాల్దీవుల భూమిలో నూటికి 80 వంతులు సముద్రమట్టానికి 1 మీటరు ఎత్తు లోపే ఉంది. రాజధాని మాలే సముద్రపు నీటిని శుద్ధి చేసుకొని తాగుతోంది. 2014 డిసెంబరులో ఆ ప్లాంటులో మంటలు లేస్తే నగరానికి నీళ్లు లేకుండా పోయాయి. మన దేశం విమానాల్లో, ఓడల్లో నీరు పంపింది. వాన నీటిపై బతికే తువాలు 2011లో కరువు వచ్చి అత్యవసర పరిస్థితి ప్రకటించింది.

మన సంగతి

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలకూలడం ఉద్దానం మరచిపోలేదు. సముద్రమట్టం పెరిగే కొద్దీ అటువంటి తుఫానుల ఉప్పెన మరింత లోపలికి వస్తుంది. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. దానిని ఉప్పునీటికి అంటగట్టడం సరికాదు. అయినా మంచినీటి విలువ మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. హిరమండలం జలాశయం నుండి ఉద్దానానికి నీరు తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. మన వెనుక కొండలు, వంశధార ఉన్నాయి. దీవుల వారికి వెనుక కూడా సముద్రమే.

మనం చేయవలసినది

తీరంలోని ఇసుక దిబ్బలను, మొగలి పొదలను, సరుగుడు తోటలను కాపాడుకోవాలి. చెరువుల పూడిక తీసి వాన నీటిని ఇంకనివ్వాలి. తీరం దగ్గర బోర్లు అతిగా తోడకూడదు. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మన నూతిలో నీరు ఎంత లోతున ఉందో తాడుతో కొలిచి, తేదీ వేసి రాసుకుందాం. నీటి రుచి మారిందేమో పెద్దలను అడుగుదాం. ఏటా అలా రాస్తే, మన తరువాత ఈ హాస్టల్‌కు వచ్చే తమ్ముళ్లకు అది మంచి పాఠం అవుతుంది.