స్ప్రింగు ఫోర్కు – దాని యెంపిక

విద్యార్థులారా! వెనుక స్ప్రింగులేక ముందుచక్రమునకు మాత్రమే స్ప్రింగు ఫోర్కుగల కొండసైకిలును హార్డ్‌టెయిల్ అందురు. మీలో పెక్కుమంది కోరు గేర్ల సైకిలిదియే. దీని ఫోర్కును జూచి మెచ్చువారు పలువురు గలరు గాని, పరీక్షించి కొనువారు కొలది. ఆ పరీక్ష యెట్టిదో విచారింతము.

ఫోర్కునకు పనులు రెండు. చక్రము రాతినెక్కినపుడు స్ప్రింగు అణగి దెబ్బను మ్రింగును. అయితే అణగిన స్ప్రింగు ఊరకుండదు. తాను గ్రహించిన శక్తిని తిరిగి వెడలగ్రక్కును. ఆ శక్తిని నూనె రాపిడిచే వేడిగా మార్చి, స్ప్రింగును నెమ్మదిగా లేపునది డాంపరు. ఇది లేనిచో చక్రము గతుకుగతుకునకు నేలవిడిచి యెగురును. నేలనంటని చక్రమునకు బ్రేకు పట్టదు, హ్యాండిలు త్రిప్పినను మలుపు తిరుగదు. ఒకవైపు కాలువయు, ఒకవైపు లారీయు గల గట్టుబాటపై నిది ప్రాణములతోడి పని. కావున అంగడిలో ముందుబ్రేకు పట్టి, ఫోర్కును గట్టిగా నొక్కి వదలుడు. నెమ్మదిగా లేచినది గ్రాహ్యము. తటాలున లేచి టక్కున కొట్టుకొనునది త్యాజ్యము.

మోటారుసైకిళ్లకు చిరకాలమునుండి గల యీ యేర్పాటు, 1989లో పాల్ టర్నర్ అమెరికాలో రాక్‌షాక్స్ సంస్థను స్థాపించిన పిమ్మట కొండసైకిళ్లలో వ్యాపించెను.

ఫోర్కు అణగగల దూరమునకు ట్రావెల్ అని పేరు. మన భీమవరము చుట్టును డెల్టాభూమి, కొండలు లేవు. చేపలచెరువుల గట్లకును, గోతులరోడ్లకును 80 మొదలు 100 మిల్లీమీటర్లు చాలును. అరకు వంటి మన్యపు రాతిబాటలకు 120 కావలసియుండును. ఎక్కువ యున్న మేలుగదా యనరాదు. ఫ్రేము దేనికై చేయబడెనో దానికంటె 20 మిల్లీమీటర్లు పొడవైన ఫోర్కును వేసినచో, ముందుభాగము లేచి, హ్యాండిలు కోణము సుమారొక డిగ్రీ వాలిపోవును.

స్ప్రింగులు రెండు విధములు. ఉక్కుచుట్టకు పోషణ తక్కువ, బరువు ఎక్కువ. గాలిస్ప్రింగు తేలిక, ఎక్కువారి బరువునుబట్టి గాలిని హెచ్చించి తగ్గింపవచ్చును గాని, దానికి ప్రత్యేకమైన పంపు వలయును. సరిపోయినదో లేదో తెలియుట కొక లెక్క గలదు. ఫోర్కు కాలికి దారము చుట్టి, సైకిలుపై కదలక కూర్చుండి, మెల్లగా దిగుడు. దారము జరిగిన దూరము ట్రావెలులో నూటికి 20 వంతులుండవలెను. 100 మిల్లీమీటర్ల ఫోర్కునకు 20 అన్నమాట. అది 5 మాత్రమే యైనచో స్ప్రింగు మీకు మిక్కిలి బిరుసు; 40 ఐనచో మిక్కిలి మెత్తన.

కొనుటకు ముందు చక్రపు కొలత (26, 27.5, 29 అంగుళములలో నేది), ఇరుసు లావు, బ్రేకుజాతి, హ్యాండిలు క్రింది గొట్టపు కొలత సరిచూడవలెను. అడుగున 1½ అంగుళములుండి పైకి సన్నగిల్లు గొట్టము, 1⅛ అంగుళముల పాతఫ్రేములలో దూరదు.

వానకాలపు నల్లరేగడి బురద రబ్బరు సీళ్లలో జొచ్చి కాళ్లను గీయును. వచ్చినవెంటనే తడిగుడ్డతో తుడువుడు.

తల్లిదండ్రులకొక మనవి. మంచి ఫోర్కునకు ధర చాలనిచో చౌక స్ప్రింగు కొనవలదు. స్ప్రింగులేని గట్టి ఫోర్కును, వెడల్పైన టైరును కొనుడు. టైరులోని గాలియు స్ప్రింగే. పల్లపుసీమలో బాలుని క్షేమముగా బడిచేర్చుట కది చాలును.